మణికట్టు నుంచి నేలదాకా

మైలార్‌దేవ్‌పల్లిలో నేనుండే కిరాయి ఇంటి కింద ఒక వెల్డింగ్ దుకాణం ఉంది. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ల డబ్బాలో ముంచినప్పుడు చుయ్యిమని చప్పుడు, దాని వెంట తడి బూడిద వాసన మేడ మీదికి వస్తాయి. మా ఆవిడ కిటికీ మూస్తుంది. నేను తెరుస్తాను. ఆ వాసనలో నాకు కొత్వాల్‌గూడ కమ్మరి సాయిలు కనిపిస్తాడు.

ఆయన సంగతి చెప్పే ముందు నేనెవరినో చెప్పాలి. మా ముత్తాత రాజేశ్వరరావు గారు శంషాబాద్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాతగారు ప్రతాపరావు గారు మా వంశంలో అంబారీ ఎక్కిన ఆఖరి మనిషి, గోల్ఫు ఆడిన మొదటి మనిషి. మా నాన్నగారు కోర్టుల్లో భూమి కేసులు నడిపారు. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేశాను. అయినా హిమాయత్ సాగర్ పక్కనున్న చిన్న గోల్ఫు మైదానంలో నేను చందా కట్టక్కర్లేకుండా ఆడనిచ్చేవారు. ఆ నేల ఇచ్చింది మా తాతగారే.

తాతగారి వస్తువును ఇంకొకరి కొలతకు మార్చడం మా ఇంట్లో లేదు. పెళ్లిలో ఆయన షేర్వాణీ నా మడమల దాకా వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుంటే నా కాళ్లు నేలకందవు, అందినట్టే కూర్చుంటాను. ఆయన ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న తొమ్మిది ఐరన్లూ, అంటే ఇనుప తలల గోల్ఫు కర్రలు, అలాగే నాకు వచ్చాయి. ఆయన ఆరడుగుల రెండంగుళాలు. నేను ఐదడుగుల మూడు. కర్రలను ముట్టుకోకూడదు కనుక నా బూట్లకు రెండంగుళాల మడమలు వేయించుకున్నాను. పదిహేనేళ్లు అలాగే ఆడాను. పదిహేనేళ్లూ నా బంతి ఎడమవైపు తుప్పల్లోకే పోయింది.

తొంభైల మధ్యలో ఒక కబురు తెలిసింది. తాతగారి పేరుమీద ఏటా జరిగే పందెంలో గెలిచినవారి పేరు ఆయనిచ్చిన వెండి కప్పు మీద చెక్కేవారు. ఇక ఒక్క పేరుకే చోటు మిగిలిందట. వచ్చే ఏడు నుంచి కొత్త కప్పు, పందేనికీ కొత్త పేరు. ఆ కప్పు మీద ఊరివాళ్ల పేర్లన్నీ ఉన్నాయి, మా ఇంటి మనిషి పేరు ఒక్కటీ లేదు. అది నాకు నిద్ర పట్టనివ్వలేదు.

సాయిలు అప్పటికే అరవై దాటినవాడు. కొడవళ్ల పని తగ్గాక మైదానంలో గడ్డి కోసే యంత్రం చూసుకునేవాడు, ఆటగాళ్ల కర్రలు బాగుచేసేవాడు. నన్ను ఇంకా దొరా అని పిలిచే మనిషి ఆయనొక్కడే. ఆ పిలుపులో మర్యాద ఎంతో, ఎకసెక్కం ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

"దొరా, జర ఆగుండ్రి. పెండ్లికొడుకు లెక్క గీ బూట్లేంది?" అన్నాడు ఒక ఉదయం.

"మా తాతగారి కర్రలకు ఈ ఎత్తు కావాలి."

"కట్టె పొడుగైతే కట్టెను కోస్తరు గని, కాళ్లు పెంచుతరా?"

"ఇవి ఎవరి కర్రలో తెలుసా?"

"ఎందుకు తెల్వదు? మా నాయిన చూసిండు పెద్దదొరను. తాటిచెట్టంత ఉండెనట. మీరేమో..." అని నన్ను పైనుంచి కిందికి చూసి, మర్యాదకు ఆపేశాడు. పూర్తిగా అని ఉంటే తక్కువ నొప్పించేది.

ఆ ఆదివారం తన కొలిమి దగ్గరికి రమ్మన్నాడు. బూట్లు విప్పించి నిలబెట్టాడు. పురికొసతో నా మణికట్టు నుంచి నేలదాకా కొలిచి ముడి వేశాడు. "కొడవలి చేసేముందు చెయ్యి చూస్తం దొరా. మల్లమ్మ కొడవలి ఎల్లమ్మకిస్తే చేను గాదు, ఏలు తెగుతది." తర్వాత తాతగారి ఏడో నంబరు ఐరన్ నా చేతికిచ్చి నేలకు ఆనించమన్నాడు. కర్ర పొడవు మూలంగా దాని ఇనుప ముక్కు గాల్లోకి లేచి ఉంది. దాని కింద బీడీ కట్ట దూర్చి చూపించాడు. "గిట్ల ముక్కు లేసి ఉంటే బంతి ఎడమకు గాక ఏడికి పోతది? కోసియ్యనా?"

"తాతగారి వస్తువు మీద ఆకురాయి పడటానికి వీల్లేదు."

"గట్లయితే ఇగ తాతనే ఆడుమనుండ్రి."

దారి సుబ్బారావు గారి వల్ల దొరికింది. ఆయన బ్యాంకు ఉద్యోగి. కాకినాడ బదిలీ అయ్యి, తన ఐరన్లు అమ్మేస్తున్నారు. "మా ఆవిడ ఆ సంచీని ఇంట్లోకి రానివ్వనంటోందండీ. ఈ మైదానంలో నా ఎత్తు మనిషి మీరొక్కరే కదండీ," అన్నారు నవ్వుతూ.

"నేను కాస్త పొడుగు," అన్నాను.

ఇద్దరం వీపులు ఆనించి నిలబడ్డాం. సాయిలు మా తలల మీద అరచెయ్యి పెట్టి, "సుబ్బారావు సారే అంగుళం ఎక్కువ," అని తీర్పు చెప్పేశాడు.

బేరమాడటం మా ఇంట్లో లేదు కనుక ఆయన చెప్పిందే ఇచ్చాను. తాతగారి ఐరన్ తలలు కత్తుల్లా సన్నగా, అందంగా ఉండేవి. వీటి తలలు అడుగుభాగం వెడల్పుగా, వెనక గుంట తవ్వినట్టు, చూడటానికి వంటింటి సామానులా ఉన్నాయి. సాయిలు తన పురికొస ముడిని పెట్టి చూసి ఒక్కో కర్రనూ కొంచెం కోశాడు. నేను మడమలు తీయించిన బూట్లతో బంతి ముందు నిలబడ్డాను.

కొట్టగానే ఎప్పుడూ మోచేతి దాకా పాకే జలదరింపు రాలేదు. బంతి గీత గీసినట్టు తిన్నగా వెళ్లి, కుడివైపు మేస్తున్న బర్రె వీపుకు తగిలింది.

"శబాష్!" అన్నాడు సాయిలు. "కట్టె సక్కగనే కొట్టింది. మీరే బర్రెను చూసిండ్రు."

నిజమే. బంతి ఎడమకు పోతుందని పదిహేనేళ్లుగా నేను కుడికి గురిపెడుతున్నాను, ఆ సంగతి నాకే తెలియదు. ఒక తప్పును దాచడానికి ఇంకో తప్పు అలవాటు చేసుకుని, రెండూ కలిపి మా వంశం తీరు అనుకున్నాను. దాన్ని వదిలించడానికి మూడు నెలలు పట్టింది. సాయిలు రోజూ గడ్డి మీద పురికొస పరిచి, దానికి నా పాదాలు సరిగా వచ్చేదాకా బంతిని తన అంగీ జేబులోనే ఉంచేవాడు. బర్రె కూడా నన్ను చూసి జరగడం మానేసింది.

పందెం నాడు ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి నేను ఒక్క దెబ్బ ముందున్నాను. నీటికుంట దాటించి జెండా దగ్గర దించాలి. అందరూ చూస్తున్నారు. నాలో వంశం లేచింది. ఈ ఒక్క దెబ్బ తాతగారి ఐరన్‌తో కొట్టాలి. అందుకే దాన్ని పొద్దున సంచిలో పెట్టుకొచ్చాను. చెయ్యి పెడితే లేదు.

"సాయిలూ, తాతగారి ఏడో నంబరు ఏది?"

"పెద్దదొర కొలిమికాడ ఆరాం చేస్తుండు," అన్నాడు నా సంచి భుజాన మోస్తూ. "మీరు మీ కట్టెతోని కొట్టుండ్రి."

తిట్టడానికి సమయం లేదు. కొట్టాను. బంతి కుంట దాటి జెండాకు బారెడు దూరంలో ఆగింది.

కప్పు మీద నా పేరు వెంకట రాజేశ్వర ప్రతాప రంగారావు అని చెక్కమన్నాను. చెక్కేవాడు మిగిలిన చోటు చూసి తల అడ్డంగా ఊపాడు.

"పేరు గూడ సరిపడ కోసుకోవాలె దొరా," అన్నాడు సాయిలు. ఉత్త రంగారావు అని పడింది. ఆ పొట్టి పేరుతోనే నేను అప్పటినుంచి సంతకం చేస్తున్నాను.

సాయిలు పోయి చాలా ఏళ్లయింది. మైదానం కూడా లేదు, విమానాశ్రయానికి పోయే రోడ్డు కింద దాని సగం ఉంది. ముడి వేసిన పురికొస నా అల్మారాలో ఉంది. కూతురికి సైకిలు కొన్నా, ఇంట్లో బల్ల చేయించినా, ముందు మనిషిని కొలుస్తాను.

తాతగారి తొమ్మిది ఐరన్లను శంషాబాద్‌లో కాపురముండే ఒక పైలట్‌కు అమ్మాను. ముందు అతని బూట్లు విప్పించి, మణికట్టు నుంచి నేలదాకా కొలిచాను. సరిపోయాయి.