ఫిర్దోస్ మేడం చెప్పిన తప్పు పాఠం

మనిషి బంగారమే గానీ, కడుపు గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే ఫిర్దోస్ మేడం ఊరుకోదు. హుజూరాబాద్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. పాఠం మాత్రం రిటైరవలేదు. ఓ పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ "గ్యాస్ పట్టింది" అన్న పాపానికి, చేతిలో ప్లేటుతో అలాగే నిలబెట్టేసింది.

"గ్యాస్ గాదు, ఆమ్లం! కడుపు గోడల కణాలకు గ్రాహకాలుంటయ్, ఇంటికి కాలింగ్ బెల్ లెక్క. హిస్టమిన్, గాస్ట్రిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాలొచ్చి తలా ఒక బెల్ కొడితే ఆమ్లం ఊరుతది. కొన్ని గోలీలు హిస్టమిన్ బెల్‌కు చెయ్యి అడ్డం పెడుతయ్. సమజైందా?"

"అయింది మేడం, బిర్యానీ సల్లారుతుంది!"

ఆమెది మా పక్కిల్లే. ఇంటర్ చదివే నాకూ, కడుపులో పుండున్న మా బాపు రాజంకూ రోజూ ఇదే పాఠం. కారం మానెయ్యమంటే బాపు బుద్ధిగా తలూపేవాడు. సందు మలుపు తిరగ్గానే మిర్చీ బజ్జీ తినేవాడు.

ఆ బాపు గుండెపోటుతో పోయాడు. పోయినవాళ్లు కాకై వస్తారని మా చేను చెల్కలో పిట్టకు పెట్టిన రోజు, కాకి గారెలు తిన్నది, బువ్వ తిన్నది. అవ్వ, అంటే మా అమ్మ, వండిన కారం కూర మాత్రం ముట్టలేదు. అవ్వ ఇంటికొచ్చి గోడకు ఒరిగింది. మంచినీళ్లు కూడా తాగలేదు. లేవబోయి కళ్లు తిరిగి పడింది. అవ్వ కూడా పోతుందేమోనని మేడం ఇంటికి పరుగెత్తాను.

"ఆఖరి పూట కారం కూర అడిగిండు. పెట్టకపోతి. గందుకే అలిగిండు," అని ఒకటే ఏడుపు.

మేడం వచ్చి పక్కన చతికిలబడింది.

"అలుగుడేంది పోశవ్వా? కాకై వచ్చి సుత కారం ముట్టలేదంటే, పుండు సంగతి యాదికున్నట్టే. నా పాఠం ఇన్నడు."

"నీ మాట ఆయన ఎన్నడిన్నడక్కా?"

"బతికుండంగ ఇనలే. గిప్పుడన్న ఇననియ్యి."

అవ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే భోరుమంది. ఏడుస్తూనే మేడం కలిపిన ముద్ద తిన్నది.

మేడం ఇంటికి పోతుంటే, గేటు దగ్గర ఉండబట్టలేక అడిగాను. "నిజంగ కారానికే ముట్టలేదా మేడం?"

"పిట్టలకు కారం తెల్వదు సృజనా. వాటి గ్రాహకాలకు మిరపకాయ మంట అంటదు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మీ అవ్వకు నేను చెప్పిందే నిజం. నువ్వు మాత్రం పరీక్షల గట్ల రాయకు!"