సగం పూట గడి

నూలు పోగులు చుట్టుకొచ్చిన కొత్త ఇనుప బీము మీది ప్లాస్టిక్ కాగితాన్ని కోయగానే ఒక వాసన వస్తుంది. నూలుకు పట్టిన నూనె, కొద్దిగా గంజి, లారీ మీద ఎండలో వచ్చిన ఇనుము, మూడూ కలిసిన వాసన. ఈ రోజు ఉదయం సూరత్ పక్కన కడోదరాలో మా మగ్గాల షెడ్డుకు అలాంటి బీము ఒకటి దిగింది. నేను దాని దగ్గరే నిలబడిపోయాను. మగ్గం నడిపే కార్మికుడొకడు నాతో ఏదో చెప్పాలని ఎదురుగా చేతులు నలుపుకుంటూ ఉన్నాడు. "ఒక్క నిమిషం" అన్నాను. ఆ నిమిషమంతా నేను భేస్తాన్‌లో, అండాలత్త పక్కన ఉన్నాను.

అండాలత్త నాకు చుట్టం కాదు. భేస్తాన్‌లో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. మా నాన్నలాగే వాళ్ళూ కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పని కోసం సూరత్ వచ్చిన పద్మశాలీలు. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చేసి సూపర్‌వైజర్‌గా చేరిన షెడ్డులోనే ఆమె పనిచేసేది. భర్త నర్సయ్య మామ అక్కడే మగ్గాలు నడిపేవాడు. ఆయనది పన్నెండు గంటల షిఫ్టు. ఆమెది తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు, సగం పూట.

ఆమె పనేమిటో చెప్పాలి. బీము మీద నాలుగు వేలకు పైగా పోగులుంటాయి. మగ్గం ఆడాలంటే ముందు ఒక్కొక్క పోగును, పోగులను పైకీ కిందికీ ఎత్తే అచ్చులోని కన్నంలోంచి, ఆ తర్వాత దువ్వెనలాంటి పన్నె పళ్ళ సందులోంచి లాగాలి. ఇది ఇద్దరి పని. ఒకరు వెనక కూర్చుని వరస తప్పకుండా పోగు అందిస్తారు. ఒకరు ముందు కూర్చుని సన్నని కొక్కెంతో దాన్ని లాగుతారు. మా షెడ్డులో కొక్కెం పట్టేది మగవాళ్ళు, పూర్తి రోజు. పోగు అందించేది ఆడవాళ్ళు, పొద్దున ముగ్గురు, మధ్యాహ్నం ముగ్గురు, సగం రోజు చొప్పున. ఎవరూ పెట్టిన నియమం కాదు. నేను చేరేనాటికే అలా ఉంది, నేనూ అలాగే ఉంటుందనుకున్నాను. నిజానికి అండాలత్తకు కొక్కెం పని ఊళ్ళో ఉన్నప్పుడే వాళ్ళ నాన్న నేర్పాడు. సూరత్ వచ్చాక ఆమె చేతికి ఎవరూ కొక్కెం ఇవ్వలేదు, అంతే.

నాకు చిన్నప్పటి నుంచి జాబితాలు రాసే జబ్బు. ఒక ఆదివారం ఆమె గడపలో కూర్చుని ఆమె రోజును గంటలవారీగా రాసుకున్నాను. నీళ్ళు పట్టడం, వంట, మామకు టిఫిన్ డబ్బా, పిల్లలను బడికి పంపడం, షెడ్డు, తిరిగొచ్చి బట్టలు, చీరలకు కుందన్లు అతికే పని, మళ్ళీ వంట. కూడి చూస్తే పదహారు గంటలు దాటింది. "అత్తా, నీది సగం పూట పని కాదు" అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ నా కాగితం వైపు చూసింది. "మంచిగ రాసినవ్ గని, నా నిద్ర ఏడ రాసినవ్ రా?"

"మిగిలిందంతా నిద్రే."

"మిగిలిందాంట్ల మీ మామతోని లొల్లి గూడ ఉంటది. గదానికో గడి గియ్యి."

నేను తర్వాత చదివి తెలుసుకున్నాను, ఇది భేస్తాన్ సంగతి మాత్రమే కాదని. దేశం తర్వాత దేశంలో సగం పూట పనుల్లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. కారణం చాలాచోట్ల ఒక్కటే, మిగతా సగం ఇంట్లో ఉంటుంది. ఆ సంగతి చెబితే అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది.

"తెల్లోళ్ళ దేశాలల్ల గూడనా? ఆడ అంట్లు మిషన్ తోముతదంటరు గదా?"

"తోముతుంది అత్తా."

"మరి మిషన్ల గిన్నెలు ఎవలు ఏస్తరు?"

నేను నోటుబుక్కు తీశాను. ఆ ప్రశ్నను అందులో రాసుకున్నాను.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. పగలూ రాత్రీ మగ్గాల చప్పుడుకు అలవాటుపడిన గల్లీ అది. ఆ చప్పుడు ఆగిన మొదటి రోజు పిల్లలు కూడా మెల్లగా మాట్లాడారు. రైళ్ళు దొరకగానే కొక్కెం పట్టే మగవాళ్ళంతా వాళ్ళ రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. మా తెలుగు కుటుంబాలు ఉండిపోయాయి. ఆ నెలల్లోనే నర్సయ్య మామ జ్వరమొచ్చి, ఊపిరి అందక ఆసుపత్రిలో చేరాడు. తిరిగొచ్చాడు గాని, వాళ్ళింటి రెండంతస్తుల మెట్లు ఎక్కడానికి మూడుచోట్ల ఆగేవాడు. మగ్గాల మనిషి పన్నెండు గంటలు వరసల మధ్య నడవాలి. అది ఇక ఆయన వల్ల కాదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. అత్త సగం పూట పని మీద ఆ ఇల్లు నడవదు.

షెడ్డు మళ్ళీ తెరిచే రోజు వచ్చింది. లోపలికి ఎవరెవరు రావచ్చో పేర్లతో ఒక జాబితా గేటు దగ్గర ఉండాలి. లేనివాళ్ళకు ప్రవేశం లేదు. జాబితా తయారుచేసే పని షెడ్డు యజమాని సేఠ్ నాకిచ్చాడు. నాకు అంతకంటే ఏం కావాలి? పేరు, పని, షిఫ్టు, ఫోను, జ్వరం ఉందా లేదా, గడులన్నీ గీసి, హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఒక్క అక్షరం తప్పు లేకుండా ఎక్కించాను. మూడుసార్లు సరిచూశాను.

తెల్లవారి గేటు దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు మాస్కులతో నిలబడి ఉన్నారు. కాపలాదారు నా కాగితం చూపిస్తూ చెయ్యి అడ్డం పెట్టాడు. అండాలత్త నన్ను చూసింది.

"సీనూ, గీ కాయితంల మా పేర్లు లెవ్వంటున్నడేంది?"

"హాజరు పట్టీ చూసి రాసిన అత్తా. దాంట్ల మీరు లేరు."

చెప్పేశాక గాని నా మాట నాకు వినపడలేదు. పట్టీలో ఆ ఆరుగురి పేర్లు ఎప్పుడూ లేవు. ప్రతిరోజూ అట్టడుగున, ఆడవాళ్ళందరికీ కలిపి, 'బాయీలు, ఆరుగురు' అని ఉండేది. నా గడుల్లో షిఫ్టుకు పగలు, రాత్రి అని రెండే ఉన్నాయి. అలాంటివాళ్ళు నా జాబితాలోకి రావడానికి దారే లేదు. నడవలేని నర్సయ్య మామ పేరు మాత్రం మూడో వరసలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది.

"పదకొండేండ్లాయె" అంది అత్త. "మేం లేకుంటె గా బీములు ఎవలెక్కిచ్చిన్రు? దయ్యాలా?" ఆమె గొంతు పెంచలేదు. మిగతా ఐదుగురినీ వెంటబెట్టుకుని వెనక్కి నడిచింది.

మూడు రోజులు గడిచాయి. కొత్త బీములు గోడకు వరసగా ఆనుకుని ఉన్నాయి. పోగులెక్కించే మనిషి లేక మగ్గాలు ఖాళీగా నిలబడ్డాయి. సేఠ్ చెడ్డవాడు కాదు, తొందరపడే మనిషి. నాలుగో రోజు పొద్దున స్వయంగా నాతో పాటు మా గల్లీకి వచ్చి, దూరంగా నిలబడి, "అండాల్ బెన్, కొక్కెం తెలిసిన మగవాళ్ళెవరైనా ఉన్నారా?" అని హిందీలో అడిగాడు.

"నాకొస్తది సేఠ్. ఔర్ కిసీకో నక్కో ఢూండో" అంది అత్త, ఇంకెవరినీ వెతకొద్దని తన కలగలుపు హిందీలో. తర్వాత షరతులు చెప్పింది. తనకు పూర్తి రోజు. మిగతా ఐదుగురి పేర్లూ పట్టీలో ఉండాలి, ఎవరికి ఎన్ని గంటలు కావాలో వాళ్ళే చెప్పాలి. చివరిది, నర్సయ్యకు సగం పూట.

సేఠ్ నవ్వాడు. "మర్ద్ కా ఆధా దిన్? మగవాడు సగం రోజు వచ్చి ఏం చేస్తాడు?"

"నేను పదకొండేండ్లు జేసింది జేస్తడు. పోగులందిస్తడు."

సేఠ్ ఒక పందెం పెట్టాడు. రేపు ఆరుగురినీ లోపలికి రానిచ్చి ఒక బీము ఇస్తానని, సాయంత్రం ఆరులోగా పోగులన్నీ ఎక్కి మగ్గం ఆడి, బట్ట తప్పు లేకుండా వస్తే అన్నిటికీ ఒప్పుకుంటానని, లేదంటే బయటి నుంచి మనుషులను తెప్పిస్తానని చెప్పి వెళ్ళాడు.

సేఠ్ ఒప్పుకున్నా మామ ఒప్పుకోలేదు. మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. "ఆడోళ్ళ పని నేను జెయ్యాల్నా? అది గూడ సగం పూట? గల్లీల తల ఎత్తుకోని తిరగాల్నా వద్దా?"

"గన్నేండ్లు నేను జేసిన గదా. నా తల ఏడన్న వంగిందా?" అంది అత్త.

మామ దుప్పటి ముసుగేసుకున్నాడు. పొద్దున చూస్తే మాత్రం ఆమెకంటే ముందే చెప్పులేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కాస్త ముందుగా బయల్దేరితే మెట్ల మీద ఆగడానికి సమయం ఉంటుందట.

ఆ రోజు సగం రోజు కాదు, పూర్తి రోజు పోగులందించాడు మామ. కూర్చుని చేసే పనే కాబట్టి ఓర్చుకున్నాడు. అత్త ముందు, మామ వెనక, మధ్యలో నాలుగు వేల పోగులు. మగ్గాల కుర్రాళ్ళు ఊరుకుంటారా? "మామా, చేతులకు గాజులేస్కోని రాకపోయినవ్!" అని ఒకడు అరిచాడు. మామ ముఖం ఎర్రబడింది. వేళ్ళు మాత్రం ఆగలేదు.

మూడు గంటలప్పుడు అత్త కొక్కెం ఆగిపోయింది. కళ్ళు మూసుకుని పన్నె మీద వేలు ఒకసారి అటూ ఇటూ జరిపింది. "తప్పింది" అంది మెల్లగా. ఎక్కడో మామకు దగ్గు వచ్చినప్పుడు వరసలో ఒక పోగు దాటిపోయింది. ఒకటి తప్పితే దాని తర్వాతివన్నీ తప్పే, బట్ట పొడుగునా గీత పడుతుంది. నేను భూతద్దంతో వెతికి పట్టుకున్నాను. తప్పు డెబ్భై పోగుల వెనక ఉంది. సేఠ్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూశాడు.

మామ చేతిలోని పోగు వదిలేశాడు. "నాతోని గాదు, నేను పోత."

"పోతె పో. చాయ్ తాగి రా. డెబ్బై నేనిప్పుత" అంది అత్త. కోపం లేదు, జాలి కూడా లేదు. పనిలో తప్పొస్తే పనివాళ్ళు మాట్లాడుకునే మాట అది. మామ లేవలేదు. ఒక్కొక్క పోగు వెనక్కి లాగి, తన వేళ్ళతోనే మళ్ళీ వరస పెట్టాడు. మిగతా ఐదుగురు ఆడవాళ్ళు పిలవకుండానే వచ్చి, పూర్తయిన పోగులను గుత్తులుగా ముడివేయడం మొదలుపెట్టారు.

ఐదుంబావుకు చివరి పోగు. మగ్గానికి ఎక్కించి, బిగించి, స్విచ్ వేసేసరికి ఆరుకు పది నిమిషాలు. మొదటి జానెడు బట్ట దిగింది. నేను దాన్ని వెలుతురుకు పట్టి అంచు నుంచి అంచు దాకా చూశాను. గీత లేదు. రెండోసారి చూశాను. మూడోసారి సేఠ్ చూశాడు. తర్వాత ఆయన హాజరు పట్టీ తెప్పించి నా చేతిలో పెట్టాడు.

"క్యా లిఖ్‌నా హై, లిఖో." ఏం రాయాలో రాసుకోమని.

షెడ్డులో ఈలలు పడ్డాయి. పొద్దున గాజులన్న కుర్రాడు మామ దగ్గరకొచ్చి తల గోక్కున్నాడు. మామకు అప్పటికి ఊపిరి కుదిరింది. "గాజులేస్కుంటె పోగులు చిక్కుతయ్ రా. గందుకే ఇంట్ల పెట్టొచ్చిన" అన్నాడు. అందరికంటే పెద్దగా నవ్వింది అత్తే.

నేను కొత్త పేజీ తీసి గడులు గీశాను. పగలు, రాత్రి, వాటి పక్కన సగం పూట. అత్త పేరు రాసి, పని దగ్గర అలవాటుగా 'హెల్పర్' అని మొదలుపెట్టబోయాను. ఆమె వేలు నా కలం మీద పడింది. "పని పేరు రాయి." రాశాను. పోగులెక్కించే మేస్త్రి, పూర్తి రోజు. ఆ కింద నర్సయ్య, పోగులందించడం, సగం పూట. ఆ గడిలో మా షెడ్డు రాసుకున్న మొదటి పేరు మగవాడిది. తర్వాత ఐదుగురూ వరసగా వచ్చి తమ పేర్లు, గంటలు చెప్పారు. ముగ్గురు పూర్తి రోజన్నారు. ఒకామె మధ్యాహ్నం నుంచి అంది. ఆఖరామె, చంటిపిల్ల తల్లి, కాస్త జంకుతూ తనకు సగం పూటే చాలంది. ఇంత పోరాడి మళ్ళీ సగమా అని నేను తలెత్తాను.

"రాయి రా" అంది అత్త. "సగం పూట తప్పు గాదు. ఎవలు తీస్కోవాల్నో మనమే ముందుగాల రాసిపెట్టుడు తప్పు."

అప్పటి నుంచి మామ ఒంటిగంటకు ఇంటికొచ్చి పిల్లలకు అన్నం పెట్టేవాడు. ఆయన పప్పులో ఉప్పు మొదట్లో సముద్రమంత ఉండేది. నెల తిరిగేసరికి గల్లీలో ఆడవాళ్ళు ఆయన పచ్చిపులుసు గిన్నెలో తీసుకెళ్ళేవారు. అత్త ఇప్పుడు ఎనిమిది మంది జట్టుతో షెడ్డు నుంచి షెడ్డుకు వెళ్ళి బీములు ఎక్కిస్తోంది. నగరం అవతలి ఇచ్ఛాపూర్ నుంచి కూడా పిలుస్తారు. నేను భేస్తాన్ వదిలి ఇక్కడికి, కడోదరాకు వచ్చేశాను. జాబితాల జబ్బు తగ్గలేదు. ఒక్కటే మారింది. ఏ జాబితా అయినా పూర్తయిందనుకున్నాక కాగితం పట్టుకుని షెడ్డంతా ఒకసారి నడుస్తాను. ఇందులో ఎవరి పేరు రాలేదు అని గట్టిగా అడుగుతాను. ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు.

నిమిషం అయిపోయింది. ఎదురుగా ఉన్న కార్మికుడు ఇంకా చేతులు నలుపుకుంటూనే ఉన్నాడు. భార్యకు కాన్పయిందట, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరట. "సార్, రెండు నెల్లు..." అని ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "సగం పూట... మగోళ్ళకు ఇస్తరా?"

నేను హాజరు పట్టీ తెరిచి అతని వైపు తిప్పాను. మూడో గడి మీద వేలు పెట్టాను.

"ఏ సగం కావాలె? పొద్దుటిదా, మధ్యాహ్నందా?"