వేరు పట్టుకున్న పువ్వు

అందుకే చెబుతున్నాను మీకు, ఎర్రగా బుడిపెలా నేలలోంచి తల ఎత్తిందల్లా పుట్టగొడుగు అనుకోకండి. మా నాన్ సీమ కొండల్లో ఆ తేడా అందరికీ చెప్పింది ఖమ్‌పాయే. చెప్పకపోయుంటే బాగుండేది.

పుట్టగొడుగు వానలకు లేస్తుంది, వేలితో నెడితే ఊడొస్తుంది. నేలపువ్వు చలికాలంలో వస్తుంది. ఆకుండదు, పచ్చదనముండదు. కింద గడ్డ చెట్టువేరును కరుచుకుని ఉంటుంది. ఖమ్‌పాయ్ పైన పువ్వు మాత్రం తుంచి, గడ్డ మీద మళ్ళీ మట్టి కప్పేది. జాడీలో ఆ పూలు నానిన బియ్యం సారా రోజూ ఒక గుక్క పడితేనే తనకు ఊపిరాడుతుందని ఆమె మొగుడు తాన్ అనేవాడు. ఉబ్బసం మనిషి.

ఆ ఏడు పట్నం నుంచి మందుల దళారి వచ్చాడు. నేలపూలు ఎన్నైనా కొంటానన్నాడు. మావాళ్ళు ఊరుకుంటారా, ఎండు పుట్టగొడుగులు కలిపేశారు. దళారి బస్తా నేల మీద బోర్లించాడు.

"ఏది ఏదో నాకెట్టా తెలిసేది పెద్దమ్మా?"

"ఇదేమన్నా పెద్ద చదువా నాయనా?" ఖమ్‌పాయ్ నవ్వింది. "వేరుముక్కతో వస్తే పువ్వు, వొంటిగా వస్తే పుట్టగొడుగు."

మర్నాటి నుంచి వేరూ గడ్డా లేని పువ్వును అతను ముట్టలేదు. ఊరు ఊరంతా గునపాలు పట్టుకుని కొండెక్కింది. ఖమ్‌పాయ్ తోడికోడలు సెంగ్ అందరికంటే ముందుంది.

"గడ్డ పీకకండే! మళ్ళీ మొలవదే!" ఖమ్‌పాయ్ అరిచింది.

"వేరుంటేనే పువ్వని చెప్పింది నువ్వే కదక్కా? నీ మొగుడి జాడీ నిండాక మిగిలిందే మాకా?"

"నీ నోట్లో మన్ను పడ!" అని తిట్టిందే కానీ, ఆ వేరు మాట అన్నది తనే. ఎవరి గునపం పట్టుకుని ఆపుతుంది?

తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. ఒక్క పువ్వు లేవలేదు. వానాకాలంలో పుట్టగొడుగులు మాత్రం బుట్టలకొద్దీ వచ్చాయి. జాడీ అడుగంటింది. తాన్ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు.

"పుట్టగొడుగులే నానెయ్యవే, రంగైనా వస్తది," అన్నాడొక రోజు. తన మాటకు తనే నవ్వబోయి, దగ్గుతో మెలికలు తిరిగాడు.

మూడో చలికాలం, గునపాలు తగలని రాళ్ళ సందులో ఆమెకొక మొగ్గ కనిపించింది. ఇంకా విచ్చలేదు. ఎవరి కంటా పడకుండా ఆకులు కప్పి ఇంటికొచ్చింది.

"పది రోజులు ఓపిక పట్టయ్యా, తెచ్చేస్తా."

తొమ్మిదో రోజు తెల్లారేసరికి తాన్‌లో ఊపిరి లేదు.

పువ్వు కోసం తీసిపెట్టిన బుట్ట ఇంకా గడప పక్కనే ఉంది. మొగ్గ మీద కప్పిన ఆ ఆకులు తీసి చూడ్డానికి ఖమ్‌పాయ్ ఇంతవరకూ కొండెక్కలేదు.