బషీరున్నీసా తీగ మీద కార్డులు

ఉత్తమ ఆరోగ్య కేంద్రమని బహుమతి వచ్చినప్పుడు మా ఊరి ఆస్పత్రి ముందు ఫ్లెక్సీ కట్టారు. డాక్టరు, నర్సులు, మందులిచ్చే ఆయన, ఊరి నాయకుడు, నాయకుడి తమ్ముడు, అందరూ అందులో నవ్వుతున్నారు. తమ్ముడు ఆ ఆస్పత్రి గుమ్మం తొక్కి ఎరగడు. ఫొటో తీసినప్పుడు చివరన నిలబడిన అటెండరు బషీరున్నీసా మాత్రం లేదు. ఆమె ఉన్నచోట కంప్యూటరులో ఒక పూలకుండీ పెట్టేశారు.

"పోనీలే అబ్బాయ్, కుండీ నాకన్నా సన్నంగా ఉంది," అందామె.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళుగా ఆ వరండాను నడుపుతున్నది ఆమే.

ఆమెతో నా పరిచయం కుక్క వల్ల కలిగింది. ఈపూరులో బస్సు దిగుతుంటే అది నా పిక్క కరిచింది. మొదటి సూది వేయించుకుని, రెండోదానికి వెళ్ళలేదు. మర్నాటి నుంచి దారిన పోయేవాళ్ళంతా నన్ను ఆపి "ఇంకా బతికే ఉన్నావే!" అనడం మొదలుపెట్టారు. ఆస్పత్రి వరండాలో ఒక తీగ ఉంది. చెప్పిన రోజుకు రానివాళ్ళ సూదుల కార్డును బషీరున్నీసా బట్టల క్లిప్పుతో ఆ తీగకు తగిలించి, వచ్చేపోయే ప్రతి మనిషికీ చూపిస్తుంది. "ఇతను మీ బజారోడే కదూ?" మనిషి వచ్చిందాకా కార్డు దిగదు. నాలుగో రోజుకు నేనే సిగ్గుపడి వెళ్ళాను.

ఆ పూటే సరస్వతమ్మ వచ్చి నర్సుకు జబ్బ చూపింది. ఆమె భర్త సాంబశివరావుకు అది మూడో సూది రోజు.

"మా ఆయన మిరపకోతల్లో ఉన్నాడు. నాకెయ్యండి."

"కరిచింది ఆయన్ని కదమ్మా!" అంది నర్సు.

"అయితే ఏంది? వార్డు మెంబర్ని నేను. మీటింగులకి ఆయన పోవట్లా? ఆయన సూది నేనేయించుకుంటే తప్పొచ్చిందా?"

నర్సు ఆలోచనలో పడింది. ఆ వాదనకు మా ఊళ్ళో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు మరి.

చెప్పింది బషీరున్నీసాయే. "ఆ కుక్కే నయం సరస్వతమ్మా. మెంబరెవరో మొగుడెవరో తెలుసుకునే కరిచింది. ఆ బల్ల మీద కూర్చో. ఆయనొచ్చిందాకా కదిలావంటే ఊరుకోను."

మధ్యాహ్నం ఇంట్లో అన్నం వండే దిక్కు లేదని తెలియగానే సాంబశివరావు పరుగున వచ్చాడు. మిగిలిన సూదులన్నీ టోకున ఒకేసారి పొడిచేయమని బేరమాడుతున్న కిరాణా కొట్టు నాగభూషణం వైపు తిరిగి బషీరున్నీసా, "ఒళ్ళు నీ గోడౌను కాదు శెట్టిగారూ, సరుకంతా ఒకేసారి దించడానికి. చెప్పిన రోజున రా," అని పంపేసింది.

నా సూది తర్వాత చంకలో చిన్న బిళ్ళ కట్టింది. అదేమిటో తెలుసుకుందామని పాత కాగితాల కొట్టులో కొన్న వైద్యపుస్తకం, ఫోను రెండూ తిరగేశాను. మనం బిళ్ళ అనేది శోషరస గ్రంథి వాపునే. సూదిలోని సరుకు ఆ గ్రంథికి చేరుతుంది. అక్కడ బి కణాలనే తెల్ల రక్తకణాల నుంచి, జబ్బును అడ్డుకునే యాంటీబాడీలు పుడతాయి. పేరంతా వాటిదే. అదే గ్రంథిలో ఆధార కణాలనేవి ఉంటాయి. అవి ఒక్క యాంటీబాడీ కూడా తయారుచేయవు. వల అల్లి దారులు వేస్తాయి. ఎవరు ఎక్కడ చేరాలో సంకేతాలతో పిలుస్తాయి. బి కణాలు చచ్చిపోకుండా చూస్తాయి. వాటిలో ఒక రకం, ఆ సరుకు తునకలను వారాల తరబడి ఒంటికి తగిలించుకుని, వచ్చిన ప్రతి బి కణానికీ చూపిస్తుంది. హడావిడి మితిమీరితే అదుపు చేసేవీ ఉన్నాయి. చాలాకాలం వీటిని ఉత్త వాసాలూ దూలాలూ అనుకున్నారు. ఎలుకల్లో కొన్నింటిని తీసేసి చూస్తే యాంటీబాడీలు తగ్గాయి. వాటి విలువ అప్పుడు తెలిసింది.

మా జిల్లా ఆఫీసరు ఎలుకల మీద చేసినపాటి విచారణ కూడా చేయలేదు. ఏయే ఉద్యోగాలు దండగో తేల్చడానికి వచ్చి, రిజిస్టర్లన్నీ తిప్పి, బషీరున్నీసాను పిలిచాడు.

"నువ్వేం చేస్తావమ్మా?"

"కూర్చోమంటానండి."

"ఇంకా?"

"లేవమంటానండి."

ఆయన ఏదో రాసుకున్నాడు. వచ్చే నెల నుంచి రానక్కర్లేదని కబురొచ్చింది. భర్త పోయిన మనిషి, ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. ఆ వారం మొదటిసారి ఆమె ఎవర్నీ కసరలేదు. జనం భయపడ్డారు.

నేను రెండు పేజీల అర్జీ రాసి జిల్లా ఆఫీసుకు పంపాను. "శోషరస గ్రంథిలోని ఆధార కణములకు హాని జరిగినచో రోగనిరోధక శక్తి దెబ్బతినును. అటెండరు బషీరున్నీసా గారి పరిస్థితియు అట్టిదే," అని మొదలుపెట్టి, ఎలుకల దాకా అంతా వివరించాను. అంత బాగా నేను ముందెప్పుడూ రాయలేదు.

మొన్న నరసరావుపేట బస్టాండులో కనిపించింది. చేతిలో పెద్ద ఎక్స్‌రే కవరు.

"పిన్నమ్మా, ఉద్యోగం ఏమైంది?"

"ఉంది. ఏడాది పొడిగించారు."

"నా అర్జీ చదివారన్నమాట!"

"మొదటి నాలుగు లైన్లు చదివారంట. ఆ గ్రంథుల జబ్బేదో నాకే ఉందనుకున్నారు. జబ్బు మనిషిని తీసేస్తే పేపర్లో ఏస్తారని భయపడి ఉంచారు. ఈ పరీక్షలన్నీ చేయించుకోమన్నారు. ఏ జబ్బూ లేదంట. అది చెప్పగానే ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నా."

"అదేం అన్యాయం! నువ్వు చేసే పనేంటో అర్థమయ్యేటట్టు మళ్ళీ రాస్తాను."

ఆమె కవరు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించింది.

"ఒరేయ్ నాయనా, నీకు దణ్ణం పెడతా, నిజం జోలికి పోమాక. వచ్చే ఏడు రాసేటప్పుడు కిడ్నీలు కూడా కలుపు."