సారెలో చిరిగిన రేకులు

మా అత్తగారు చేసిన పూతరేకులోంచి చూస్తే అవతలి మనిషి ముఖం కనిపించాలి. కనిపించకపోతే ఆ రేకు పనికిరానిదే. పనికిరానివన్నీ నా పాలిట పడేవి. ఆ ఇంటికి వచ్చాక నేను కాస్త ఒళ్లు చేశానంటే అది ఆవిడ పుణ్యమే. అయితే ఆవిడ చూపు రేకుల దగ్గర ఆగేది కాదు. నేను వేసిన ముగ్గూ, ఆరేసిన చీరా, వండిన కూరా అన్నీ అలాగే పరీక్షకు నిలబడేవి.

ఆ ఏడు మా ఆడపడుచు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అయిదో నెలలో బిడ్డతో, సారెతో అత్తవారింటికి పంపాలి. సారె అంటే ఆ ఊళ్లో ఇంటింటికీ పంచేది. పెళ్లిసారెలో వెళ్లిన రేకును వియ్యపురాలు ఎండకు ఎత్తి చూసి, "దుప్పటేమో అనుకున్నానండి" అన్నారట. ఆ మాట మా అత్తగారు మరచిపోలేదు. ఈసారి ఆవిడ నోరు మూయించాల్సిందే.

అవి కాలువ కట్టేసే రోజులు. కట్టేశారంటే గట్లూ లాకులూ బాగుచేసి మళ్లీ నీళ్లు వదిలేదాకా పడవలు తిరగవు. మా అత్తగారు మాత్రం పొయ్యి ముందు కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగుతూనే ఉన్నారు. రేకు లేస్తుంది, వెలుతురుకు పట్టి చూస్తారు, పెదవి విరిచి నా పళ్లెంలో పడేస్తారు. ఒకటి మందం, ఒకటి చిరుగు. ఇంకొకదానికి ఏమైందో నాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. కుదిరిన ప్రయాణం అప్పటికే ఓసారి వాయిదా పడింది.

చివరికి మామగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"రేపు కాలువ కట్టేస్తారట. ఇవాళ పడవ తప్పిందంటే పసిగుడ్డుతో ఎండలో బండి మీదే. రేకుల కోసం పిల్లని మాడుస్తావా ఏంటి?"

"బుట్ట సగమైనా నిండలేదండి," అన్నారు అత్తగారు. "ఇవి పంపితే మళ్లీ దాన్నే అంటారు. నా మూలాన నా పిల్ల మాట పడాలా?"

లోపల్లోపల నవ్వుకుంటున్న నాకు నవ్వు ఆగిపోయింది. అంతవరకు అదంతా పేరు కోసం పాకులాట అనుకున్నాను.

ఆడపడుచు వచ్చి బిడ్డను నా ఒళ్లో పెట్టి, నా పళ్లెం లాక్కుంది. చిరిగిన రేకులు లోపల, బాగున్నది పైన పెట్టి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడతలు వేయసాగింది.

"ఏంటే ఆ పని?" అన్నారు అత్తగారు.

"మా అత్తగారికి వంక పెట్టడానికి ఏదో ఒకటి మిగల్చమ్మా. సారెలో దొరక్కపోతే నాలో వెతుకుతారు."

అత్తగారు కూతురిని చూడలేదు. తిరిగి నా వైపు చూశారు. నేను తల వంచుకుని బిడ్డ కాలివేళ్లు సవరిస్తూ కూర్చున్నాను. సిగ్గు వేసింది, కొంచెం సంతోషమూ వేసింది.

బుట్ట నిండింది, పడవా అందింది. రేవులో ఆవిడ ఏడ్చారు. తిరిగి వస్తూ మాత్రం, "పైవరస పరవాలేదులే" అని తనకు తానే చెప్పుకున్నారు.

ఆ పూట వంట నాది. అత్తగారు పులుసు మారు వడ్డించమన్నారు. "బాగుంది" అన్నారు. ఆ ఇంట్లో అంతకు ముందెన్నడూ నేను వినని మాట. అందరూ లేచాక కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులుసులో ఉప్పే లేదు.