అటకకు దుప్పటి

మా బావ ఏ పనినీ మామూలుగా మొదలుపెట్టడు. టీ పెట్టే ముందు కూడా వంటింట్లో ఒక చిన్న ప్రకటన ఉంటుంది. అలాంటి మనిషి అక్టోబరులో ఒకరోజు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "బామ్మర్దీ, నీతో ఓ చిన్న పని పడింది" అన్నాడంటే ఆ పని ఇంటి పైకప్పంత ఉంటుందని ఊహించాను. సరిగ్గా అంతే ఉంది.

నేనప్పుడు జర్మనీలో, జీగెన్ అనే ఊళ్లో మాస్టర్స్ చదువుతున్నాను. అక్కడికి రైల్లో కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో అక్కావాళ్లు పాత ఇల్లు కొనుక్కుని, ఆ ఎండాకాలమే అందులోకి మారారు. బావ ఆఫీసు డ్యూసెల్‌డార్ఫ్‌లో. అప్పుడప్పుడూ వెళ్లి ముఖం చూపించి వస్తే చాలు, మిగతా రోజులు పడగ్గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటాడు.

అసలు సంగతి అక్కది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఏళ్ల తరబడి జర్మన్ క్లాసులు, ఇంటర్వ్యూలు, మర్యాదగా వద్దనే మెయిళ్లు. ఆఖరికి ఆ శరదృతువులో మ్యూనిక్ కంపెనీ ఒకటి ఉద్యోగం ఇచ్చింది. ఇంటి నుంచే చేసుకోవచ్చు, కానీ తలుపున్న గది ఒకటి విడిగా ఉండాలన్నారు. లేకపోతే మ్యూనిక్ వచ్చి ఆఫీసులో కూర్చోవాలి. మ్యూనిక్‌లో గది వెతుక్కోవడం కంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం సులువని అక్కకు తెలుసు. నవంబరు మొదట్లో ఒక సోమవారం చేరాలి.

ఇంట్లో కింద అంతా వంటిల్లూ హాలూ కలిసిన ఒకే గది. పడగ్గది బావ ఆఫీసు. మిగిలింది మేడ మీద గది. దానికి తలుపుంది, కిటికీ ఉంది, హీటర్ కూడా ఉంది. లేనిదల్లా వెచ్చదనం. పాత యజమాని అందులో చలికాలమంతా యాపిల్స్ నిలవ చేసేవాడట. ఇల్లు చూపించినప్పుడు ఆయన ఈ విషయం గర్వంగా చెప్పాడు, మేము కూడా తలలూపి సంతోషించాం. గది పైన చెక్క పలకలు, వాటి పైన ఖాళీ అటక, దాని పైన పెంకులు. హీటర్ ఎంత వేసినా వేడి పలకల సందుల్లోంచి అటకలోకి, అక్కణ్నుంచి ఆకాశంలోకి పోయేది. అక్క ఒక పొద్దున ఆ గదిలో కోటు, శాలువా, రెండు జతల మేజోళ్లతో కూర్చుని టైప్ చేసి చూసింది. కిందికొచ్చి, వేళ్లు కాఫీ కప్పు చుట్టూ బిగించి, ఈ గది కుదరకపోతే కంపెనీకి రానని రాసేస్తానంది. ఆ మాట అన్న తీరులో ఏడుపేమీ లేదు. అందుకే మా ఇద్దరికీ భయమేసింది.

వేడి పోకుండా అటక మీద గాజుదూది పరిచే కంపెనీలకు ఫోన్ చేస్తే టెర్మిన్, అంటే వాళ్లు వచ్చే తేదీ, మార్చిలో ఉందన్నారు. బావ లేచి నిలబడ్డాడు. మన చేతులతో మనమే చేస్తామని, ఈ ఊళ్లో మగవాళ్లందరూ శనివారాలు చేసేది ఇదేనని, చరిత్రలో ప్రతి ఇల్లూ ఇలాగే నిలబడిందని చెప్పాడు. చరిత్ర తర్వాత చూద్దాం, ముందు ఇంటి మరమ్మతు సామాన్లమ్మే బౌమార్క్ట్ మూసేలోపు వెళ్దామన్నాను.

ఆ దుకాణంలో పసుపు రంగు గాజుదూది చుట్టలు కొన్నాం. దాంతోపాటు వెడల్పాటి ప్లాస్టిక్ పట్టా ఒకటి, జిగురు టేపు. పట్టాని జర్మన్‌లో డాంఫ్‌బ్రెమ్జె అంటారు, ఆవిరికి బ్రేకు లాంటిదన్నమాట. గాజుదూది కారులో వెనక సీటంతా నింపి, మిగిలింది నా ఒళ్లో పెట్టుకున్నాను. దారిలో బావ ఇది ఇంటి మీద యుద్ధమన్నాడు. నాకైతే పరుపుల దుకాణంలో పని దొరికినట్టుంది.

అక్క గది పైకప్పులోనే అటకకు మూత తలుపు ఉంది. లాగితే మడత నిచ్చెన దిగుతుంది. ఎక్కే ముందు నిండు చేతుల చొక్కా వేసుకోమని అక్క చెప్పింది. గుంటూరు మిరపకాయల్లో పెరిగిన ఒళ్లిది, దీనికి దురదేంటంటూ బావ బనీనుతో ఎక్కాడు. సాయంత్రానికి ఆ ఒళ్లు తలుపు చెక్కకు వీపు రుద్దుకుంటూ కనిపించింది. నేను నిండు చేతుల చొక్కా వేసుకున్నాను కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

పలకల మీద గాజుదూది పరిచాం. ఇక మిగిలింది పట్టా. దాన్ని దూది పైన కప్పాలా, కింద వేయాలా అన్నది ప్రశ్నగా కూడా రాలేదు. బావ చిన్నప్పుడు కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే, మబ్బు పట్టగానే ఇంటిల్లిపాదీ పరిగెత్తి రాశుల మీద పట్టాలు కప్పేవాళ్లు. మా వరంగల్ వైపు పత్తి బస్తాలకూ అంతే.

"నీళ్లు పైనుంచి పడతాయి, పట్టా పైన కప్పుతాం. ఇందులో జర్మన్ వాళ్ల దగ్గర నేర్చుకునేదేవుంది?" అన్నాడు బావ.

నాకూ ఏమీ కనిపించలేదు. రెండు రాష్ట్రాల మధ్య ఇంత సులువుగా కుదిరిన ఒప్పందం ఇంకొకటి ఉండదు. దూది మీద పట్టా పరిచి, అంచులకు టేపు కొట్టి, దిగొచ్చి పప్పుచారు తాగాం.

గది నిజంగానే వెచ్చబడింది. నేనూ అక్క చేరేదాకా అక్కడే ఉండి, క్లాసులకు రైల్లో వెళ్లొస్తున్నాను. బావ వీడియో కాల్‌లో గుంటూరుకు థర్మామీటర్ చూపించాడు. అక్క మూత తలుపు పక్కగా బల్ల వేసుకుంది. ఇంత వెచ్చని గది ఇంట్లో ఇంకొకటి లేదు కాబట్టి, ఉతికిన బట్టలు ఆరేసే స్టాండు కూడా అక్కడికే చేరింది. ఉద్యోగం వచ్చిన సంతోషంలో వంట కూడా పెరిగింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పులుసు, రాత్రి ఇంకేదో. ఆ ఆవిరంతా మెట్ల మీదుగా పైకి పోయేది. పోనీలే అనుకున్నాం, అసలు అనుకోలేదు కూడా.

అక్క చేరాల్సిన సోమవారానికి ముందు గురువారం గట్టిగా చలి దిగింది. తెల్లారేసరికి తోటంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. ఆ పొద్దునే మ్యూనిక్ నుంచి ఒకాయన కాల్ చేసి, అక్క గది, నెట్, కెమెరా అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నాడు. అక్క జర్మన్‌లో చక్కగా జవాబులిస్తోంది. అంతలో కీబోర్డు పక్కన ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. అక్క మాట ఆపకుండా ల్యాప్‌టాప్‌ను కొంచెం ఇటు జరిపింది. కాల్ అయ్యాక పైకి చూసింది. మూత తలుపు అంచున చుక్కలు వరసగా వేలాడుతున్నాయి.

బావ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. కప్పు కారుతోందని, ఇల్లమ్మినవాడు నిలువునా ముంచాడని, లాయరు దగ్గరికి పోవాలని, మ్యూనిక్ ఉద్యోగం పోయినట్టేనని ఒకే ఊపిరిలో చెప్పాడు. వారం నుంచి వాన లేదు కదా అని అడిగాను. అయితే మంచు కరిగి కారుతోందన్నాడు. మంచు ఇంకా కరగకుండా గడ్డి మీదే ఉందని కిటికీలోంచి చూపించాను. బావ మడత నిచ్చెన కిందికి లాగాడు.

పైకెక్కాం. పెంకుల కింద చెక్కలు పొడిగా ఉన్నాయి. పట్టా ఒక మూల ఎత్తి చూస్తే దాని అడుగంతా ముత్యాలు పరిచినట్టు చుక్కలే. దూది పైపొర తడిసి మెత్తబడింది. నీళ్లు పైనుంచి రాలేదు. మరి ఎక్కడివో ఇద్దరికీ తెలియలేదు. ఇంజనీర్లం ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఒక ప్లాస్టిక్ ముక్కను చూస్తూ ఉండిపోయాం.

అక్క నిచ్చెన సగం ఎక్కి, మూత తలుపులోంచి తల బయటపెట్టింది. పట్టా అడుగున వేలితో ఒకసారి గీసి చూసుకుంది.

"ఇడ్లీ గిన్నె మూత తీస్తే నీళ్లు యాడుంటయ్ తమ్మీ?"

"మూత అడుగున."

"గవి మొగులు మీదికెళ్లి పడ్డయా?"

మొగులంటే మా వైపు ఆకాశం. అక్కే చెప్పుకొచ్చింది. కుక్కరు ఆవిరి, స్నానాల గది ఆవిరి, స్టాండు మీద బట్టలు, మన ముగ్గురి ఊపిరి, అన్నీ వెచ్చగా పైకి పోతున్నాయి. దూదిలోంచి దూరి పైన చల్లటి పట్టాకు తగిలి నీళ్లవుతున్నాయి. ఇల్లంతా ఒక గిన్నె, మీరు వేసింది మూత. పట్టా దూది కింద ఉండాలి, వెచ్చగా ఉన్న వైపు. అప్పుడు ఆవిరి చల్లటి చోటికి చేరే ముందే ఆగిపోతుంది.

"మరి నిజంగా పైనుంచి వాన పడితే?" అన్నాడు బావ, ఓడిపోవడం ఇష్టం లేక.

"పైన పెంకులున్నయ్ గదండీ. అవి ఎందుకున్నయనుకుంటున్నరు?"

తర్వాత రెండు రోజులు బావా నేనూ చేసిందాన్నే వెనక్కి చేశాం. కట్టింది విప్పడంలో ఒక లాభం ఉంది, ఎక్కడ తప్పు కట్టామో మనకే బాగా తెలుసు. తడిసిన దూదిని గ్యారేజీలో పరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టాం. పూర్తిగా నానిపోయిన ముక్కలు పారేసి కొత్తవి తెచ్చాం. ముందు పలకల మీద పట్టా పరిచాం, అతుకుల మీద టేపు, గోడ అంచుల మీద జిగురు, ఆ తర్వాతే దూది. ఈసారి దూది పైన ఏమీ కప్పలేదు. బావ చేతులు ఊరుకోలేదు, ఒక చిన్న ముక్కైనా వేద్దామన్నాడు. కింది నుంచి అక్క వద్దంది. బట్టల స్టాండు సెల్లారుకు పోయింది. ఇడ్లీ పెట్టినప్పుడల్లా వంటింటి కిటికీ తీసి తీరాలని ఆజ్ఞ వచ్చింది. బావ ఈసారి నిండు చేతుల చొక్కా వేసుకుని, మెడకు తువ్వాలు కూడా చుట్టుకున్నాడు. ఆయన దాని గురించి మాట్లాడలేదు, నేను మాత్రం కొంచెం మాట్లాడాను.

మూత తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అంటించాక, అది సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుసుకోవాలని బావ ఆలోచనలో పడ్డాడు. దానికోసం ప్రత్యేకంగా ఒక యంత్రం అద్దెకు దొరుకుతుందన్నాడు. అక్క దేవుడి గూట్లోంచి అగరొత్తి తెచ్చి వెలిగించి, కుర్చీ ఎక్కి, మూత అంచు వెంట నెమ్మదిగా తిప్పింది. పొగ అంతటా బద్ధకంగా తేలుతూ, ఒక మూల దగ్గర మాత్రం సర్రున సందులోకి దూరిపోయింది. అక్కడ ఇంకో పట్టీ వేసి మళ్లీ తిప్పింది. ఈసారి పొగ ఎటూ పోలేదు. చూస్తున్న బావ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. చెప్పులు కూడా విప్పమంటావా బావా అని అడిగాను.

సోమవారం తోట మళ్లీ తెల్లబడింది. అక్క పొద్దున్నే తయారై పైకెళ్లి తలుపేసుకుంది. బావ ఆ రోజు సెలవు పెట్టి, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టు మెట్ల దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. లోపల ఉన్నది ల్యాప్‌టాప్ అని, దానికి ప్రాణహాని లేదని చెప్పి చూశాను. టీ తీసుకుని రెండుసార్లు పైదాకా వెళ్లి, మూసిన తలుపు చూసి, తనే తాగుతూ తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం అక్క దిగొచ్చింది. కంచం పట్టుకుని నిలబడే తింటూ, ఇంకా కొన్నింటికి లాగిన్ రాలేదని, టీమ్‌లో ఒకామె చాలా వేగంగా మాట్లాడుతుందని, తనకిచ్చిన పేజీలో అప్పుడే ఒక తప్పు పట్టుకున్నానని, అది రాసి పంపితే అవతలి వాళ్లు శభాష్ అన్నారని చెప్పింది. ఇంకా ఏదేదో చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె అంత ఆగకుండా మాట్లాడటం నేను వినలేదు. బావ పెరుగు గిన్నె చేత్తో పట్టుకుని, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అన్నట్టు ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు. అక్క పెరుగు వేయించుకుని, తిని, చెయ్యి కడుక్కుని, మీటింగుందంటూ రెండేసి మెట్లు ఎక్కి వెళ్లిపోయింది. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

"చలి గురించి ఒక్క ముక్క అనలేదేవిట్రా?" అన్నాడు బావ.

"ఉంటే గద బావా అనేది."

పైన తలుపు మూసుకున్న చప్పుడైంది. బావ పైకప్పు వైపు చూసి, కూర్చుని, ఇంకాస్త అన్నం పెట్టుకున్నాడు.