ఇన్‌స్పెక్టరు గారి వడలు

"నేను సమాన హక్కులకు అనుకూలమే గానీ స్త్రీవాదిని మాత్రం కాదు" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ మినప్పిండి వాసన వస్తుంది. ఒళ్ళు మండుతుంది. ముందు వాళ్ళ మీద, వెంటనే నా మీద. వాళ్ళెవరూ పుట్టకముందే నేను ఆ మాట అన్నాను. ఉదయగిరిలో, ఒక బడుల ఇన్‌స్పెక్టరు విస్తరి ముందు నిలబడి అన్నాను.

రిపబ్లిక్ అయిన మరుసటి సంవత్సరం సంగతి. కొండ కింద ఎలిమెంటరీ బడిలో అయిదుగురం పనిచేసేవాళ్ళం, మగవాళ్ళు ముగ్గురు, ఆడవాళ్ళం ఇద్దరం. నాది పర్మనెంటు ఉద్యోగం. నా తోటి టీచరుది తాత్కాలికం. ఆత్మకూరులో ఉన్న, చూపు మందగించిన తల్లికి ఆమె జీతమే ఆధారం. ఆమె పర్మనెంటు కావాలంటే ఇన్‌స్పెక్టరు క్లాసు చూసి రిపోర్టులో నాలుగు మంచి మాటలు రాయాలి. రెండేళ్ళుగా ఆయన వస్తూనే ఉన్నాడు. ఆమె క్లాసు మాత్రం చూడలేదు.

చూడటానికి ఆమె క్లాసులో ఉంటే గదా! ఇన్‌స్పెక్షను రోజున ఆడటీచర్లిద్దరూ హెడ్మాస్టరు ఇంటికి పోయి ఆయన భార్యకు వంటలో సాయం చేయాలి. ఎక్కడా రాసి లేదు, ఎవరూ హుకుం వేయలేదు, అలా జరిగిపోయేది. ఆత్మకూరు నుంచి పొద్దుటి బస్సులో ఇన్‌స్పెక్టరు దిగేసరికి మేము రుబ్బురోలు దగ్గర ఉండేవాళ్ళం. మా పిల్లలను పక్క క్లాసులో కలిపేసేవాళ్ళు. ఆయన మూడు క్లాసులు చూసి, పద్యాలు చెప్పించుకుని, భోజనం చేసి, వడలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయేవాడు. రిపోర్టులో మా క్లాసుల ఎదురుగా, చూడలేదన్నట్టు ఒక గీత ఉండేది.

హెడ్మాస్టరు చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు. జనవరి ఇరవై ఆరున జెండా కింద నిలబడి, రాజ్యాంగంలో ఆడామగా సమానమని పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పి, మా ఇద్దరినీ చూపించి చప్పట్లు కొట్టించినవాడు ఆయన. నేను మురిసిపోయాను కూడా. పదిహేను రోజులకే ఇన్‌స్పెక్షను కబురు వచ్చింది.

"అమ్మా, మినప్పప్పు నానబెట్టమని ఇంట్లో చెప్పినాను. రేపు పొద్దున్నే పోండి" అన్నాడు.

"ఈసారి నేను పోను సార్" అంది నా తోటి టీచరు. "నా క్లాసు చూపించుకోవాల. ఈ తడవ గూడా చూడకపోతే నా ఉద్యోగం ఉండదు."

"అదంతా నేను చూసుకుంటాను గదమ్మా."

"రెండేళ్ళ నుంచి చూసుకుంటానే ఉండారు గదా సార్. మాస్టర్లలో ఎవురన్నా ఒకరు పోయి రుబ్బమనండి. అందరూ సమానమని మీరే చెప్పినారు."

మాస్టర్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

సాయంత్రానికల్లా ఆమెకు పేరు పెట్టేశారు, సంఘం మనిషి అని. స్త్రీవాది అనే మాట అప్పటికి మా కొండ దాకా రాలేదు. మహిళా సంఘం మనిషి అంటే చాలు, ఎవరినీ లెక్కచేయనిది, గలాటా మనిషి, ఇంకా నోటితో చెప్పకూడనివి ఏవేవో అన్నీ అందులోకే వచ్చేవి. పాపం, ఆమె ఏ సంఘం గుమ్మమూ తొక్కి ఎరుగదు.

మర్నాడు నేను పోయాను. ఆమె అడిగింది న్యాయమే అనుకుంటూనే రుబ్బాను. ఆమె బోర్డు తుడిచి, పిల్లలను వరుసగా కూర్చోబెట్టుకుని ఎదురుచూసిందట. హెడ్మాస్టరు ఇన్‌స్పెక్టరును ఆ గది దాటించి తీసుకుపోబోతే, ఆమె వరండాలోకి వచ్చి ఆపి, సంగతంతా చెప్పేసిందట.

భోజనాల దగ్గర ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచాడు. ఖద్దరు మనిషి, మెత్తటి గొంతు.

"ఏమమ్మా, ఆడటీచర్లను వంటకు పంపిస్తున్నారని ఆమె అంటున్నది. ఇది ఆమె ఒక్కరి ఫిర్యాదా, మీ ఇద్దరిదా? ఇద్దరిదీ అయితే నేను రాసుకుని పోవాల్సిందే."

అంత సూటిగా అడిగాడు. నాకు పోయేదేమీ లేదు. నా ఉద్యోగం గట్టిది, హెడ్మాస్టరు నన్ను పీకలేడు. నేను భయపడింది ఉద్యోగానికి కాదు, ఆ పేరుకు.

"అందరినీ సమానంగా చూడాలనేది నిజమేనండి, నేనూ ఒప్పుకుంటాను. కానీ నేను ఆమె మాదిరి సంఘం మనిషిని కాదండి" అన్నాను.

"అదీ పద్ధతి" అన్నాడు ఆయన. సంతోషంగా ఇంకో వడ వేయమన్నాడు. నా చేత్తోనే వేశాను.

రిపోర్టులో ఆమె క్లాసు ఎదురుగా మళ్ళీ గీతే. కింద మాత్రం ఒక వాక్యం కొత్తగా పడింది: తోటి ఉపాధ్యాయులతో కలిసిపోయే స్వభావం కాదు. ఆ తోటి ఉపాధ్యాయులెవరో నేను ఎవరినీ అడగనక్కర్లేదు. వేసవి సెలవుల తర్వాత ఆమెను ఉద్యోగంలోకి తీసుకోలేదు.

ఆ మరుసటి ఏడు ఇన్‌స్పెక్షనుకు నేను క్లాసు వదిలి పోలేదు. "నువ్వు గూడా సంఘమేనా?" అన్నాడు హెడ్మాస్టరు. "అవునండి" అన్నాను. గొడవ పడతాడని చూశాను. ఏం గొడవా లేదు. వీధి చివర ఉండే వంటమనిషిని పిలిపించుకున్నాడు, అంతే! రెండేళ్ళు మా క్లాసులు చెడగొట్టి, ఒకామె అన్నం తీసేసిన పనికి అరగంటలో మనిషి దొరికింది. ఇన్‌స్పెక్టరు నా క్లాసు చూసి బాగుందని రాశాడు.

ఇంకో రెండేళ్ళకు ఆత్మకూరు బస్టాండులో ఆమె కనిపించింది. రవికలు కుట్టి బతుకుతున్నానని చెప్పింది. పక్కన తల్లి, ఆమె భుజం పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆగలేక నా ఘనకార్యమంతా చెప్పేశాను: నేను పోలేదనీ, అవునండి అన్నాననీ, వంటమనిషి వచ్చిందనీ.

"మంచిపని చేసినావక్కా" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. "ఆ రోజు ఇద్దరమని ఒక్క మాట చెప్పుంటే, ఆ వంటమనిషి అప్పుడే వచ్చుండేది గదక్కా."

ఉదయగిరి బస్సు కదులుతోందని కండక్టరు కేకేశాడు. నేను ఎక్కేశాను.